కుడి పక్క కొలత

బస్సు ఎక్కేసరికి ఏడూ యాభై రెండు. ఆపరేషన్ తొమ్మిదింటికి. మధ్యలో గంటా ఎనిమిది నిమిషాలుంది, ఈలోపు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారు, సర్జను ఇంకోసారి స్కాన్ చేయించే ఉంటాడు, అంత చదువు చదివినవాడు ఒక్క కాగితం పట్టుకుని మనిషి పొట్ట కోస్తాడా, కోయడు, అనుకుంటూ ఆమె కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. కోయడు అని ఒకసారి అనుకుంటే చాల్లేదు, రెండో స్టాపు వచ్చేదాకా నాలుగుసార్లు అనుకుంది. నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకి స్కాన్ సెంటర్లో తన బల్ల ముందు కూర్చుని ఆమె ఒక వాక్యం టైపు చేసింది. కుడి కిడ్నీ పొడవు పది పాయింట్ ఒకటి, వెడల్పు నాలుగు పాయింట్ మూడు సెంటీమీటర్లు, ఆకారం మామూలుగా ఉంది, రాయి లేదు, వాపు లేదు. చదివితే ఏ లోపమూ కనబడదు. లోపమల్లా ఒకటే, ఆ కుడి కిడ్నీని ఎవరూ చూడలేదు. మిషను అటు వెళ్ళలేదు, డాక్టరు అటు చూడలేదు, ఆమె ఎలాగూ చూడదు, ఆమె పని టైపు చేయడం. ఆ వాక్యాన్ని నమ్ముకుని ఇవాళ తొమ్మిదింటికి ఒక దర్జీకి ఎడమ కిడ్నీ తీసేస్తున్నారు. రెండోది బాగుంది కాబట్టి తీసేయొచ్చన్నారట. బాగుందేమో. చాలామందికి బాగానే ఉంటుంది. వందమందిలో తొంభై ఎనిమిది మందికి, సరే, తొంభై తొమ్మిది మందికి అనుకుందాం, ఆ మిగిలిన ఒక్కడు ఈ దర్జీయే ఎందుకవ్వాలి. కాకూడదని మాత్రం ఎక్కడ రాసుంది.

స్కాన్ గదిలో ఆమె బల్ల తెర వెనక ఉంటుంది. తెరకి అవతల మంచం, మంచం పక్కన మిషను, మిషను ముందు తిరిగే కుర్చీలో డాక్టరు. ఆయన వినకుండా అందరూ ఆయన్ని మెరుపు డాక్టరంటారు. రోజుకి అరవై పొట్టలు చూస్తాడు, పొట్టకి నాలుగు నిమిషాలు. జెల్ పూసి, చేతిలో ఉన్నదాన్ని పొట్టమీద తిప్పుతూ పైకి చెబుతుంటాడు, తెరకి ఇవతల ఆమె కొడుతుంటుంది. బాగాలేనిదే చెబుతాడు. బాగున్నవాటన్నిటికీ కలిపి ఒక మాట ఉంది, మిగతాది మామూలే. ఆ మాట చెవిన పడగానే ఆమె ఒక మీట నొక్కుతుంది, కాలేయం దగ్గర్నుంచి మూత్రాశయం దాకా పదమూడు వాక్యాలు వచ్చి కూర్చుంటాయి. కొలతల దగ్గర మాత్రం చుక్కలుంటాయి. ఆయన కొలిచి చెబితే ఆ అంకె, చెప్పకపోతే ఆమె అంకె. ఎలా వేయాలో పదకొండేళ్ళ కిందట ఆమెకి నేర్పింది పాత టైపిస్టు, అందరూ పిన్నిగారనేవాళ్ళు, మానేసే ముందు వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. "చూడమ్మాయ్, ముందు వచ్చిన మనిషి అంకె తీసుకో, ఒక గీత పెంచో తగ్గించో వెయ్. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒకటే వేశావనుకో, కిడ్నీలన్నీ ఒకే అచ్చులో పోశారా అని అడుగుతారు." "ఎవరడుగుతారు పిన్నిగారూ?" "ఎవరూ అడగరనుకో. ఆడవాళ్ళకి కాస్త తక్కువ, ముసలాళ్ళకి ఇంకాస్త తక్కువ, లావుగా ఉన్నవాళ్ళకి నీ దయ." ఇద్దరూ నవ్వుకున్నారు. నీ దయ అన్న మాట చాలాకాలం గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఇప్పుడు బస్సులో అదే గుర్తొచ్చి సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. దర్జీకి ముందు వచ్చింది గ్యాసు పట్టేసిందని చెప్పిన ఒక పెద్దావిడ. ఆవిడది తొమ్మిది పాయింట్ తొమ్మిది. మగమనిషి కదా అని రెండు గీతలు పెంచి దర్జీకి పది పాయింట్ ఒకటి వేసింది. అంటే దర్జీ రిపోర్టులో ఉన్న కుడి కిడ్నీ దర్జీది కాదు, ఆ పెద్దావిడది, దాన్నే కాస్త సాగదీసింది.

ఆయన చెప్పింది నేను రాశాను. మూడో స్టాపు దగ్గర ఆమె ఆ మాట పట్టుకుంది, పట్టుకుని కాసేపు కూర్చుంది, అది బరువు ఆపేలాగే ఉంది. ఆయన మిగతాది మామూలే అన్నాడు, నేను మీట నొక్కాను, కింద సంతకం ఆయనది, నేనెవర్ని, ఒక చెయ్యి, అంతే, చెయ్యి తప్పు చేస్తుందా, తల తప్పు చేస్తుంది గానీ. కానీ ఆ కాగితం అడుగున మూలగా, కళ్ళు చికిలిస్తే గానీ కనబడని అక్షరాల్లో, టైపు చేసినవారు అని ఉండి దాని పక్కన రెండక్షరాలుంటాయి. అవి ఆమెవి. ఆ రెండక్షరాలూ పదకొండేళ్ళలో ఎన్ని కాగితాల మీద ఊరి మీదికి వెళ్ళాయో లెక్కేస్తే తల తిరిగింది. రోజుకి అరవై, నెలకి ఇరవైయారు రోజులు, ఆపై లెక్క కట్టడం మానేసింది. ఆ కాగితాలు బీరువాల్లో, పరుపుల కింద, ప్లాస్టిక్ కవర్లలో, డాక్టర్ల బల్లల మీద, పోయినవాళ్ళ సామాన్లలో ఎక్కడెక్కడో ఉన్నాయి, అన్నిట్లోనూ మూలన ఆమె కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ ఒక్కరూ ఆ మూలకి చూడలేదు. ఇవాళ తొమ్మిదిన్నరకో పదింటికో ఒకరు చూస్తారు. భూతద్దం పెట్టి చూస్తారు. ఈ రెండక్షరాలు ఎవరివి అంటారు. అక్క లేచి నిలబడి, మా చెల్లెలండీ, అంటుంది.

అక్కకి సెంటర్లో పద్దెనిమిదేళ్ళు. ముందు గదిలో చీటీలు రాయడం, పేర్లు పిలవడం, ఏడ్చేవాళ్ళని కూర్చోబెట్టడం, అరిచేవాళ్ళని బయటికి పంపడం, అన్నీ అక్కే. తల్లి పోయాక జడ వేసింది అక్క, పెళ్ళి చేసింది అక్క, మా చెల్లికి చేతివేగం ఎక్కువండీ అని డాక్టరు ముందు నిలబెట్టింది అక్క. నిన్న సాయంత్రం దర్జీ భార్య వచ్చి అక్క బల్ల దగ్గర నిలబడింది, రిపోర్టు ఇంకో ప్రతి కావాలని. లోపల తెర వెనక ప్రింటరు దగ్గర నిలబడి ఆమె అంతా విన్నది. "రేపు పొద్దున తొమ్మిదింటికే పెట్టారమ్మా. ఎడమది చీము పట్టి పనికిరాకుండా పోయిందట. తీసేస్తే ఎట్లా డాక్టరు గారూ అంటే, ఏం పర్లేదు, మీ రిపోర్టులో రెండోది బ్రహ్మాండంగా ఉందిగా, ఒక్కటున్నా నూరేళ్ళు బతకొచ్చు అన్నారు." "అవునమ్మా, మా పక్కింటాయన ఒక్కదాంతోనే మెట్లెక్కి దిగుతాడు," అని అక్క ధైర్యం చెప్పింది. ప్రింటరులోంచి కాగితం వచ్చింది. వెచ్చగా ఉంది. ఆమె దాన్ని పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళలేదు, తలుపు సందులోంచి చెయ్యి చాచి అక్కకి అందించింది. దర్జీ భార్య మొహం తనకి కనబడకూడదని. తన మొహం ఆవిడకి కనబడకూడదని. తర్వాత ఇంటికెళ్ళింది, వంట చేసింది, తిన్నది, పడుకుంది. నిద్ర పట్టింది కూడా. పొద్దున లేచాక, నిద్ర పట్టినందుకు సిగ్గేసింది.

నాలుగో స్టాపు. పక్క సీట్లో కూర్చున్నావిడ సంచీలోంచి పరీక్ష కాగితాల కట్ట తీసి పెన్నుతో ఒకటొకటి టిక్కులు పెడుతోంది, చదవడంలేదు, పెడుతోంది. అందరూ ఇంతే అనిపించి ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. పోయిన వారం కూతురు సైన్సు నోట్సు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, ప్రయోగం రోజు నేను వెళ్ళలేదు కదా, రీడింగులు ఏం రాయను?" ఆమె చేతులు పిండిలో ఉన్నాయి, తల తిప్పకుండానే చెప్పింది, "నీ స్నేహితురాలివి తీసుకుని కాస్త అటూ ఇటూ మార్చి రాసెయ్యవే." కూతురు గుమ్మంలోనే నిలబడి, "మార్చి రాస్తే అది తనదీ కాదు, నాదీ కాదు, ఇంకెవరిదవుతుంది మరి?" అంది. అతితెలివి అని ఆమె కసిరింది. అది నవ్వి వెళ్ళిపోయింది, వెళ్ళి అలాగే రాసింది, పది మార్కులకి తొమ్మిదొచ్చాయి. పిన్నిగారు నాకు నేర్పింది, నేను దానికి నేర్పాను, అది రేపు ఇంకెవరికి నేర్పుతుందో, అనుకుంటే పిండి ఇంకా వేళ్ళకి అంటుకుని ఉన్నట్టు చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి. బస్సులో ఉక్కగా ఉంది, అందరూ కిటికీలు తెరుస్తున్నారు, ఆమె చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

ఎనిమిదీ ఐదుకి డాక్టరుకి ఫోను చేసింది. మోగింది, మోగి ఆగిపోయింది. పదిన్నర దాకా ఆయన ఎత్తడని తెలుసు, తెలిసే చేసింది, చేశానని చెప్పుకోవడానికి. ఈ చివరి ముక్క తనకే నచ్చలేదు. ఇంకోసారి చేసింది, ఈసారి నిజంగానే ఎత్తాలని కోరుకుంటూ. ఎత్తలేదు. అప్పుడు అక్కకి చేసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. అక్క మొత్తం విన్నది. మధ్యలో ఎక్కడో కుక్కరు కూత ఆగిపోయింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఎన్ని వేల రిపోర్టులు అలా వెళ్ళాయి, ఒక్కరికైనా ఏమన్నా అయిందా?"

"అయినవాళ్ళు వచ్చి చెప్పరుగా అక్కా."

"నోరు మూసుకో. నా మాట విను. ఆయన పదిన్నరకొస్తాడు, నెమ్మదిగా చెవిన వేద్దాం, ఆయనా ఆ సర్జనూ చూసుకుంటారు. పెద్దవాళ్ళ మధ్య మనం దూరకూడదు."

"తొమ్మిదింటికి ఆపరేషనక్కా."

"నువ్వెళ్ళి చెబితే ఆగుతుందా? టైపు కొట్టేదాని మాట వింటారా? పైగా ఎవరూ చూడలేదని నువ్వే ఒప్పుకుంటే ఆయన ఏమంటాడు, ఇదే రాసింది, నేను చెప్పలేదు అంటాడు. అనడా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకు. ఈ వయసులో నన్ను పని కోసం ఇంకో గుమ్మం ఎక్కించకే తల్లీ."

ఫోను పెట్టేశాక కిటికీలోంచి వీధి చూసింది. షట్టర్లు లేస్తున్నాయి, ఒకతను గొట్టంతో కారు కడుగుతున్నాడు, బడి పిల్లలు ఒక చక్రం లేని సైకిలుని ఈడ్చుకెళ్తున్నారు. అంతా ఎప్పటిలాగే ఉండటం చూస్తే భయమేసింది. అక్క చెప్పిందాంట్లో తప్పేముంది. ఏమీ లేదు. ఆయన అలాగే అంటాడు. ఏడాదిన్నర కిందట ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది, కొత్తగా చదువైంది, పొట్టకి పదిహేను నిమిషాలు తీసుకునేది, కనబడనిది కనబడలేదనే చెప్పేది. గ్యాసు అడ్డం వల్ల క్లోమం కనబడలేదు, అని రాయించేది. ఎడమ అండాశయం కనబడలేదు, అని రాయించేది. మొదట్లో ఆ కనబడలేదు అన్న మాట కొట్టడానికి ఆమె వేళ్ళు తడబడ్డాయి, దానికి మీట లేదు, అక్షరం అక్షరం కొట్టాలి. మూడో వారానికి బయటి డాక్టర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మీ సెంటర్లో ఏమీ కనబడవా, కళ్ళజోడు కొనిపెట్టమంటారా, అని ఒకాయన అన్నాడట. మెరుపు డాక్టరు ఆ ఫోను పెట్టేసి స్కాన్ గదిలోకొచ్చి, తెర పక్కకి లాగి, ఇద్దర్నీ చూసి, "ఆ మాట ఇంకోసారి మన కాగితం మీద పడకూడదు," అన్నాడు. గొంతు పెంచలేదు. చిన్న డాక్టరమ్మ నాలుగు నెలలుంది. వెళ్ళేరోజు తెర ఇవతలకి వచ్చి, "కనబడలేదు అని రాయడానికి ధైర్యం కావాల్సి రావడం ఏమిటండీ, నాకు అర్థం కాదు," అని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మర్నాటి నుంచి మళ్ళీ మీట.

ఆరో స్టాపు. ఎనిమిదీ పదిహేడు. ఆసుపత్రి తొమ్మిదో స్టాపు, సెంటరు పన్నెండోది. ఆసుపత్రి దగ్గర దిగకపోతే ఏమవుతుంది. ఏమీ కాదు, పన్నెండో స్టాపులో దిగుతుంది, సంతకం పెట్టి లోపలికెళ్తుంది, కంప్యూటరు ఆన్ చేస్తుంది, మొదటి పొట్ట వస్తుంది. పదింటికో పదకొండింటికో ఒక ఫోనొస్తుంది, లేదా రాదు. సాయంత్రానికి రాకపోతే రేపొస్తుంది. మనిషికి ఒంట్లోంచి నీరు పోవడం ఆగిపోతే ఎన్ని రోజులకి తెలుస్తుంది, ఒకరోజుకా, రెండు రోజులకా, కాళ్ళు వాస్తాయంటారు, మొహం ఉబ్బుతుందంటారు. ఎన్నో రిపోర్టుల్లో ఆ మాటలు కొట్టింది గానీ అవి ఎంతసేపట్లో జరుగుతాయో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడాలి. వారమా, నెలా. దర్జీ బతికితే బతికాడని తనకి ఎవరు చెబుతారు, ఎవరూ చెప్పరు, బాగున్నవాళ్ళు ఎవరూ తిరిగొచ్చి బాగున్నామని చెప్పరు. తేలు కుట్టిన దొంగలా ఉండాలి ఎన్నాళ్ళైనా. దిగితే ఏమవుతుంది. దిగితే ఇవాళే అవుతుంది. ఉద్యోగం ఇవాళే. అక్క మొహం ఇవాళే. పోలీసులొస్తారా, ఇలాంటివాటికి వస్తారా, కొలత కల్పించి రాయడం ఏ నేరం కిందకొస్తుందో తనకి తెలీదు, ఏ పేరుతో పిలుస్తారో తెలీదు, ఆ పేరు కూతురి బళ్ళో అందరికీ తెలుస్తుంది. సీసా తీసి నీళ్ళు తాగబోయింది, మూత రాలేదు.

పోనీ, నేను చూడలేదు. నిన్న ఆయన కుడి పక్క చూశాడో లేదో తెర ఇవతల ఉన్నదాన్ని నాకెలా తెలుస్తుంది. ఇది ఏడో స్టాపు దగ్గర వచ్చిన ఆలోచన, వచ్చి కూర్చోబోయింది, ఆమె దానికి చోటిచ్చింది కూడా. కానీ తెరకి పైన జానెడు ఖాళీ ఉంటుంది, అందులోంచి రెండో మానిటరు కనబడుతుంది, పదకొండేళ్ళుగా ఆ జానెడు ఖాళీలోంచే ఆమె ఊరి పొట్టలన్నీ చూసింది. ఎడమ పక్క చూశాడు, కొలిచాడు, చీము అన్నాడు, రెండుసార్లు నొక్కి చూశాడు. ఫోనొచ్చింది. ఎత్తి ఎవరితోనో వస్తున్నా వస్తున్నా అన్నాడు, చేతిలో ఉన్నదాన్ని దాని కొక్కేనికి తగిలించాడు, మిగతాది మామూలే అంటూ లేచాడు. రోగిని పక్కకి తిప్పలేదు. కుడి పక్క జెల్ లేదు. మానిటరు మీద ఆగిపోయిన బొమ్మ ఎడమ పక్కదే. ఇదంతా ఆమె చూసింది, చూసి మీట నొక్కింది. ఏడో స్టాపు వెళ్ళిపోయింది. చూశాను, అని ఒప్పుకుంది, ఎవరికి ఒప్పుకుందో తెలీదు, పక్కావిడ టిక్కులు పెడుతూనే ఉంది.

ఎనిమిదో స్టాపు దాటాక బస్సు ఆగిపోయింది. ముందు ఏదో లారీ అడ్డం తిరిగింది. ఎనిమిదీ ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఒకవేళ ఇక్కడే ముప్పావుగంట నిలిచిపోతే, అన్న ఆలోచన వచ్చింది, నిలిచిపోతే నా చేతిలో ఏముంది, నేను దిగుదామనే అనుకున్నాను, బస్సు కదల్లేదు. ఆ ఆలోచన హాయిగా ఉంది. అంత హాయిగా ఉండటమే ఆమెని భయపెట్టింది, దర్జీకి జరగబోయేదాని కంటే, పోలీసుల కంటే ఎక్కువగా. ఈ లారీ అలాగే ఉండాలని నేను కోరుకుంటున్నాను. లేచి నిలబడింది. లేచిందే గానీ కాళ్ళు ముందుకి పోలేదు, సీటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది, వెనకవాళ్ళు నెడుతున్నారు. కండక్టరు అటునుంచి అరిచాడు, "దిగేవాళ్ళు దిగండమ్మా, ఆలోచించుకునేవాళ్ళు లోపలికి జరగండి." ఎవరో నవ్వారు. ఆమె దిగింది.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి ఒక స్టాపు దూరం, ఆమె నడిచింది, తర్వాత పరిగెత్తింది, నలభై మూడేళ్ళ మనిషి సంచీ చంకలో పెట్టుకుని పేవ్‌మెంటు మీద పరిగెడుతుంటే జనం తప్పుకున్నారు. పరిగెడుతుంటే ఆలోచనకి అడ్డం పెట్టడానికి ఏమీ మిగల్లేదు, ఊపిరే సరిపోవడంలేదు, అప్పుడు గుర్తొచ్చింది, ఇంతసేపూ పక్కకి తోసేసిన మిగతాది. డాక్టరు వెళ్ళిపోయాక దర్జీ మంచం మీద లేచి కూర్చుని టిష్యూతో పొట్ట తుడుచుకుంటూ తెర వైపు తిరిగి అడిగాడు. తననే. "అమ్మా, రెండో పక్క చూడరా?" ఆమె చేతులు మీట మీద ఉన్నాయి. "మేమైతే రెండు చేతులూ కొలుస్తామమ్మా. ఒకటి కొలిచి రెండోదీ అంతే అనుకోం. ఏ మనిషికీ రెండు చేతులూ ఒక్కలా ఉండవు, చూడండి కావాలంటే," అని రెండు చేతులూ ముందుకి చాచాడు, అది జానెడు ఖాళీలోంచి కనబడింది. బయట యాభై మంది ఉన్నారు. డాక్టరు ఎప్పుడొస్తాడో తెలీదు. ఆయన తిరిగొచ్చాక, డాక్టరు గారూ, ఈయన కుడి పక్క అడుగుతున్నారు, అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. "చూశారు. మీకు తెలీలేదు," అంది. దర్జీ, "ఓహో, అంత తొందరగానా, మంచి చెయ్యి," అని చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. తర్వాతే ఆమె మీట నొక్కింది. ముందు చెప్పింది, తర్వాత నొక్కింది. ఆ వరస నిన్నటి నుంచి ఇప్పటిదాకా ఆమె తనకి తాను తిరగేసి చెప్పుకుంటోంది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా అతను పదింటి దాకా ఎవర్నీ చూడనివ్వం అన్నాడు. స్కాన్ సెంటరు నుంచి రిపోర్టు గురించి వచ్చానంది. మూడో అంతస్తు, మెట్ల మీదే ఎక్కింది. థియేటరు బయట బల్ల దగ్గర ఒక నర్సు కేసు కాగితాలు వరసగా పెడుతోంది. గోడ గడియారంలో ఎనిమిదీ ముప్పై తొమ్మిది. దర్జీని లోపలికి తీసుకెళ్ళారు, ఇంకా మత్తివ్వలేదు.

"రిపోర్టులో కుడి కిడ్నీ గురించి ఉన్నది," అని ఆగింది, ఊపిరందలేదు. "అది చూసి రాసింది కాదండి."

"తప్పు పడిందా?"

"తప్పో ఒప్పో కాదండి. అసలు చూడలేదు."

నర్సు కాగితాలు వదిలేసి ఆమెని చూసింది. "నువ్వెవరు? డాక్టరువా?"

"టైపిస్టుని."

"మీ డాక్టరు చేత ఫోను చేయించు."

"పదిన్నర దాకా ఎత్తరండి. చేశాను."

నర్సు గడియారం వైపు చూసింది, తలుపు వైపు చూసింది. "చూడమ్మా, నువ్వు నోటితో చెప్పింది పట్టుకుని నేను లోపలికెళ్తే సర్జను గారు ముందు నన్ను తింటారు. రాసివ్వు. పేరు, టైము, సంతకం. నాలుగు లైన్లు చాలు, కథలొద్దు." ఒక తెల్లకాగితం, పెన్ను ఇటు తోసింది.

పదకొండేళ్ళలో ఎన్ని కాగితాలు రాసినా దేని కిందా తను సంతకం పెట్టలేదు. అక్షరాలు వంకర పోయాయి. నిన్న ఇచ్చిన రిపోర్టులో కుడి కిడ్నీ మామూలుగా ఉందని ఉంది. డాక్టరు గారు కుడి పక్క స్కాన్ చేయలేదు. నేను పొరపాటున, అని రాసి ఆగింది. పొరపాటున అన్న మాట దానంతటదే వచ్చి పడింది, మీట నొక్కితే వచ్చినట్టే వచ్చింది. ఆ మాట అలాగే ఉంటే ఎంతో కాపాడుతుంది. కూతుర్ని కాపాడుతుంది, అక్కని కొంత కాపాడుతుంది. పొరపాటు ఎవరైనా చేస్తారు. మనుషులం. దాన్ని కొట్టేసి రాసింది, ఆ వాక్యం నేను చేర్చాను. చూడలేదని తెలిసే చేర్చాను. కొలత నేను కల్పించింది. రోగి అడిగితే చూశారని చెప్పాను. నర్సు కాగితం తీసుకుని నిలబడే చదివింది, కొట్టేసినచోట వేలు పెట్టింది.

"కొట్టివేత పక్కన కూడా సంతకం పెట్టాలి. లేకపోతే నేను కొట్టేశాననుకుంటారు." ఆమె పెట్టింది. "ఈ మాట ఉంటే నీకే మంచిది కదమ్మా?" అంది నర్సు.

"పొరపాటు కాదండి."

నర్సు కాగితం పట్టుకుని రెక్కల తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. తలుపు రెండుసార్లు ఊగి ఆగింది.

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఒక మగగొంతు పెరిగింది, తగ్గింది. ఫోను మోగింది, అక్క.

"ఎక్కడున్నావ్?"

"హాస్పిటల్లో."

వెనక సెంటర్లో కుర్చీలు సర్దుతున్న చప్పుడు. "రాసిచ్చావా, నోటితో చెప్పావా?"

"రాసిచ్చాను. సంతకం పెట్టాను."

"నన్నడిగితే నాకేమీ తెలీదనే చెప్తాను."

"చెప్పక్కా."

"నీ బల్ల మీద సామాను సంచీలో పెట్టి ఉంచుతాను. ఆయన చేత పారేయించుకోవడం ఎందుకు. పొద్దున ఏమన్నా తిన్నావా?"

"లేదు."

"తిను ముందు," అని పెట్టేసింది.

తలుపు తెరుచుకుంది. చక్రాల మీద స్కాన్ మిషను ఒకటి నెట్టుకుంటూ ఇద్దరు లోపలికి వెళ్ళారు, వాళ్ళకి దారిస్తూ ఒకావిడ బయటికొచ్చి, నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళబోయి, ఆపితే వచ్చి బెంచీ మీద కూర్చుంది. చేతిలో మడతపెట్టిన మగవాళ్ళ చొక్కా ఉంది. ఆవిడ మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు, గొంతు విన్నాక దర్జీ భార్య అని తెలిసింది. "ఆపేశారు. ఎవరో ఏదో కాగితం రాసిచ్చారట. నిన్న రాత్రి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా మనిషిని లోపల పడుకోబెట్టి, సూది గుచ్చబోతూ, ఆగండి ఆగండి అని. సర్జను గారు ఆ కాగితం బల్లకేసి కొట్టారు. ఆ రాసిచ్చినవాళ్ళు ఏడ్చేదేదో నిన్ననే ఏడవకూడదా?" అని, ఇటు తిరిగి, "మీరు ఎవరి తాలూకు?" అంది.

ఆమె నోట్లో మాట సిద్ధంగా ఉంది. మా అక్క పక్క వార్డులో ఉందండి. పెదాలు విడిపోయాయి కూడా.

"మీవారి రిపోర్టు రాసిందాన్ని."

"ఏది, నిన్నటిదా, ఇవాళ్టిదా?"

"రెండూ నేనే."

దర్జీ భార్య ఆమెని పై నుంచి కింది దాకా చూసింది. చొక్కా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ వచ్చింది వేరే మాట. "ఇంతకీ రెండోది బాగుందా, లేదా?"

తలుపు అవతల మిషను ఆన్ చేసిన చప్పుడు, ఆ చప్పుడు ఆమెకి ఎక్కడున్నా తెలుస్తుంది. బాగానే ఉంటుంది లెండి, ఏం భయపడకండి, అనొచ్చు. ఆవిడ అదే అడుగుతోంది, కళ్ళు అదే అడుగుతున్నాయి.

"నాకు తెలీదమ్మా," అంది. "ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. ఇప్పుడు చూస్తున్నారు."

ఆవిడ లేచి పక్క బెంచీకి వెళ్ళలేదు. ఇద్దరూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.